పడమటి గది తెరలకు కొత్త బ్రాకెట్లు: ప్రాజెక్టు డైరీ

ఏప్రిల్ 19

విజయవాడ మొగల్రాజపురంలోని మా ఫ్లాట్‌లో పడమటి గది కిటికీ తెర ఈ మధ్యాహ్నం మూడున్నరకు పైనుంచి ఊడి అమ్మ మంచం మీద పడింది. అల్యూమినియం పట్టీ కొస తలగడకు జానెడు దూరంలో పడింది కాబట్టి దెబ్బ తగలలేదు గానీ, నిరుడు రెండు కళ్లకూ శుక్లాల ఆపరేషన్ జరిగిన అమ్మకు పడమటి ఎండ నేరుగా ముఖాన కొడితే కళ్లు తెరవడమే కష్టం. సాయంత్రం దాకా కిటికీకి దుప్పటి కట్టి కాలక్షేపం చేశాం.

ఇవి తేనెపట్టు గదులను పోలిన తెరలు. మామూలు కర్టెన్ ఒకే పొర గుడ్డ అయితే, వీటిలో పాలియెస్టర్ గుడ్డను అడ్డంగా గొట్టాల వరసలుగా అతికిస్తారు. తెర దించినప్పుడు ఆ గొట్టాలు విచ్చుకుని లోపల గాలిని కదలనివ్వకుండా పట్టి ఉంచుతాయి, ఎత్తినప్పుడు ఒకదానిపై ఒకటి ముడుచుకుంటాయి. కదలని గాలి వేడిని చాలా నెమ్మదిగా పోనిస్తుంది కనుక, ఎండ కాసే గోడకు ఇంతకంటే మంచి తెర నా దృష్టిలో లేదు. హంటర్ డగ్లస్ సంస్థ 1985లో డ్యూయెట్ పేరుతో వీటిని బజారులోకి తెచ్చిన తర్వాత ఎన్నో కంపెనీలు ఇలాంటివి చేస్తున్నాయి. మా ఇంట్లోవి వేరే తయారీవి. ఫ్లాట్ కొన్నప్పుడే కిటికీలకు ఉన్నాయి. గుడ్డ ఈనాటికీ చెక్కుచెదరలేదు. చెడిపోయింది తెరను లింటెల్‌కు, అంటే కిటికీ పైనున్న కాంక్రీటు దూలానికి, పట్టి ఉంచే ప్లాస్టిక్ బ్రాకెట్లు మాత్రమే.

ఏప్రిల్ 21

తెరలు అమర్చిన దుకాణం ఇప్పుడు లేదు. మరో రెండు చోట్ల విరిగిన ముక్కను చూపించాను. బ్రాకెట్లు విడిగా రావనీ, తెర మొత్తం మార్చుకోవడమే మార్గమనీ రెండు చోట్లా ఒకే మాట చెప్పారు. ఒక దుకాణంలో అందరికీ సరిపోతుందని ఇచ్చిన బ్రాకెట్ మా హెడ్‌రైల్‌కు, అంటే తెర పైన అడ్డంగా ఉండే పట్టీకి, పట్టనే లేదు. హెడ్‌రైల్ వెడల్పు, దాని అంచుల వంపు, వెనక గాడి ఉండే ఎత్తు ఒక్కో తయారీదారుకు ఒక్కో విధంగా ఉంటాయి. ఒక మిల్లీమీటరు తేడా వచ్చినా తెర పట్టదు, లేదా పట్టినట్టు కనిపించి తర్వాత జారుతుంది. మూడు పిడికిళ్లంత ప్లాస్టిక్ విరిగిందని నాలుగు కిటికీల మంచి తెరలను చెత్తలో వేయడానికి నాకు మనసొప్పలేదు. పన్నెండు బ్రాకెట్లూ నేనే చేయించుకోవాలని నిర్ణయించుకున్నాను.

ఏప్రిల్ 22

కాలేజీకి వేసవి సెలవులు కావడంతో రోజంతా కొలతలతోనే గడిచింది. వెర్నియర్ కాలిపర్‌తో తీసిన కొలతలు ఇవి: హెడ్‌రైల్ ముందు నుంచి వెనకకు 38 మి.మీ.; ముందు పై అంచు మందం 1.2 మి.మీ.; వెనక గాడి పై అంచు నుంచి 34 మి.మీ. కింద. బ్రాకెట్‌లో మూడు భాగాలున్నాయి. లింటెల్ అడుగుకు స్క్రూలతో బిగించే పలక ఒకటి, హెడ్‌రైల్ ముందంచును పట్టుకునే కొక్కెం ఒకటి, ఆ పలక వెనక వైపు కిందికి వంగిన భాగం (వెనక పలక) కొస నుంచి దిగి వెనక గాడిలో టక్కున కూర్చునే నాలుక ఒకటి. తెరను ఎక్కించేటప్పుడు ముందంచును కొక్కెంలో పెట్టి వెనక వైపును పైకి నొక్కితే, నాలుక 1.8 మి.మీ. వెనక్కి వంగి, గాడి దొరకగానే తిరిగి వస్తుంది. పూర్తిగా మాత్రం రాదు. అర మిల్లీమీటరు వంపు దానిలో ఎప్పటికీ మిగిలి ఉంటుంది. పట్టు అంతా ఆ అర మిల్లీమీటరులోనే ఉంది.

విరిగిన ముక్కలన్నీ బల్ల మీద పేర్చి చూస్తే, కొక్కెం విరిగినది ఒక్కటీ లేదు. అన్నీ నాలుక మొదట్లోనే విరిగాయి. ఇంకొక సంగతి: నాలుగు కిటికీల్లోనూ ముందుగా పోయింది తాడు ఉన్న వైపు బ్రాకెట్టే. తెర బరువు వంటింటి తూకంలో 1.7 కిలోలు వచ్చింది. కాలేజీ ప్రయోగశాల నుంచి తెచ్చిన స్ప్రింగ్ త్రాసును తాడుకు కట్టి లాగితే, తెర కదలడానికి 2.6 కిలోల లాగు కావలసివచ్చింది. తాడు హెడ్‌రైల్ మీదుగా తిరిగి కిందికి వస్తుంది కనుక మనం లాగే లాగు తెర బరువుకు అదనంగా బ్రాకెట్ల మీదే పడుతుంది, అందులోనూ తాడు వైపు దాని మీద ఎక్కువగా పడుతుంది. మనం గదిలోకి ఏటవాలుగా లాగుతాం కాబట్టి హెడ్‌రైల్ కొద్దిగా మెలి తిరిగి నాలుకను గాడి నుంచి తప్పించడానికి చూస్తుంది.

లెక్క కూడా వేశాను. ఒక కొస బిగించిన పట్టీ రెండో కొస వంగినప్పుడు దాని మొదట్లో పుట్టే వికృతి (అసలు పొడవులో ఎంత శాతం సాగిందో చెప్పే కొలత) తెలియాలంటే, మందాన్ని వంగిన దూరంతో హెచ్చించి, దాన్ని మూడింతలు చేసి, పొడవు వర్గానికి రెట్టింపుతో భాగించాలి. పాత నాలుక మందం 2 మి.మీ., పొడవు 14 మి.మీ. ఆ లెక్కన తెర ఎక్కించే క్షణంలో వికృతి 2.8 శాతం, ఎక్కించిన తర్వాత సంవత్సరాల తరబడి నిలిచి ఉండేది దాదాపు 0.8 శాతం. చల్లని గదిలో ఈ ప్లాస్టిక్ దాన్ని ఓర్చుకునేదేమో. ఈ గది చల్లనిది కాదు.

ఏప్రిల్ 23

కిటికీ అద్దానికీ తెరకూ నడుమ, సరిగ్గా నాలుక ఉండే చోట, థర్మామీటరు తీగ వేలాడదీశాను. మధ్యాహ్నం 4 గంటలకు 61 డిగ్రీలు చూపించింది. గదిలో అదే సమయానికి 36. తెర వేడిని ఎంత బాగా ఆపితే, దాని వెనక అంత వేడి పోగవుతుంది. ఆ వేడిలోనే నాలుక ఉంది. బ్రాకెట్‌ను తిప్పి నాలుకను గది వైపుకు తెస్తే చల్లగా ఉంటుందని ఒక ఆలోచన వచ్చింది గానీ, తాడు లాగే దిశ కూడా అదే కాబట్టి మెలి మొత్తం నాలుక మీదే పడుతుంది. ఆ ఆలోచన విరమించుకున్నాను.

ఏప్రిల్ 26

మా మేనల్లుడు ఇంజనీరింగ్ చదువుతున్నాడు. వాడి దగ్గర చిన్న త్రీడీ ప్రింటర్ ఉంది. నా కొలతలతో బొమ్మ గీసి, పీఎల్ఏ ప్లాస్టిక్‌తో మూడు బ్రాకెట్లు తెచ్చాడు. ఆ ప్లాస్టిక్ 60 డిగ్రీల దగ్గరే మెత్తబడడం మొదలవుతుంది, మా కిటికీ దగ్గర 61 ఉందని నేను అన్నాను. "తెలుసు అత్తా. కొలత సరిపోయిందో లేదో చూడడానికే ఇది. సరిపోతే పీఈటీజీతో వేస్తాను, అది 80 దాకా ఆగుతుంది" అన్నాడు. కొలత సరిగ్గా సరిపోయింది. తర్వాత చేర్చినది: అయిదో రోజుకు మూడు నాలుకలూ మైనంలా వెనక్కి వాలిపోయాయి. ముందు జాగ్రత్తగా తెరను తాళ్లతో కట్టి ఉంచడం వల్ల ఈసారి పడలేదు.

మే 3

పీఈటీజీ బ్రాకెట్లు వచ్చాయి. ఇందులో రెండు మార్పులు చేశాం. వెనక పలకను పొట్టి చేసి నాలుకను 22 మి.మీ. పొడవు, 1.6 మి.మీ. మందానికి మార్చాం, దానితో ఎక్కించేటప్పటి వికృతి 0.9 శాతానికి దిగింది. రెండో మార్పు ప్రింటర్ మీద బ్రాకెట్‌ను పక్కకు పడుకోబెట్టి ముద్రించడం. ప్రింటర్ వస్తువును పొర మీద పొరగా పోస్తుంది. పొరకూ పొరకూ మధ్య అతుకు పొరలోని దారమంత బలంగా ఉండదు. నిలబెట్టి ముద్రిస్తే ఆ అతుకులు నాలుకకు అడ్డంగా పడి మొదట్లో బిస్కట్టులా విరుగుతుంది, పడుకోబెడితే దారాలు నాలుక పొడవునా సాగుతాయి. వీటిని ముద్రించుకోవాలనుకునేవారు అన్నిటికంటే ముందు పట్టించుకోవలసింది ఇదే.

అయితే పొడవు పెంచి మందం తగ్గించినందుకు మూల్యం ఉంది. పట్టీ బిరుసు మందం ఘనాన్ని బట్టి పెరుగుతుంది, పొడవు ఘనాన్ని బట్టి తగ్గుతుంది. కొత్త నాలుక పట్టు పాతదానిలో దాదాపు ఎనిమిదో వంతు. వెడల్పు 20 నుంచి 30 మి.మీ.కు పెంచినా అయిదో వంతే అయింది.

మే 13

పీఈటీజీ నాలుకలు విరగలేదు, వాలిపోలేదు. కానీ పది రోజులకే తాడు వైపు బ్రాకెట్ నుంచి హెడ్‌రైల్ చేతితో లాగితే ఊడివస్తోంది. విప్పి కొలిస్తే, నాలుక తన పాత ఆకారానికి 0.4 మి.మీ. తక్కువగా నిలిచి ఉంది. అర మిల్లీమీటరు వంపే పట్టు అని ముందే రాసుకున్నాను; అందులో 0.4 పోయింది. నిరంతర బరువు కింద వేడిలో ప్లాస్టిక్ మెల్లగా కొత్త ఆకారానికి అలవాటు పడిపోతుంది, మెత్తబడే ఉష్ణోగ్రతకు చాలా కింద కూడా.

ఈ మూడు వారాల్లో నాకు తేలిన విషయం ఒకటే. ఈ బ్రాకెట్‌కు రెండు వేర్వేరు పనులున్నాయి: బరువు మోయడం ఒకటి, స్ప్రింగులా పట్టి ఉంచడం ఇంకొకటి. రెండింటినీ ఒకే ప్లాస్టిక్ ముక్కకు అప్పగించడంలోనే లోపం ఉంది. మొదటి పనికి ఏ దృఢమైన పదార్థమైనా చాలు. రెండో పనికి వేడిలోనూ ఏళ్ల తరబడి తన ఆకారాన్ని మరచిపోని పదార్థం కావాలి, అంటే లోహం.

మే 17

ఉదయమే ఆటోనగర్ వెళ్లాను. లారీ బాడీలు కట్టే షెడ్లు, లేత్ మిషన్లు, కమాను పట్టీల దుకాణాలు పక్కపక్కనే ఉండే ఆ వీధుల్లో విజయవాడ మనిషికి లోహంతో కాని పని ఉండదని నా నమ్మకం. రేకు పని చేసే ఒక షెడ్డులో మేస్త్రిగారు నా కాగితాన్ని, విరిగిన ముక్కను చాలాసేపు పరిశీలించి, 0.8 మి.మీ. స్టెయిన్‌లెస్ రేకుతో కొక్కెం, పలక, నాలుక అన్నీ ఒకే ముక్కగా వంచి ఇస్తానన్నారు. రెండు గంటల్లో నమూనా చేతికి వచ్చింది. చూడడానికి ఎంతో చక్కగా ఉంది.

ఇంటికి తెచ్చి హెడ్‌రైల్‌ను నొక్కితే నాలుక వంగింది, వంగినది అలాగే ఉండిపోయింది.

మే 18

నిన్న లెక్క వేయకుండా ఒప్పుకోవడం నా పొరపాటు. 304 రకం స్టెయిన్‌లెస్ రేకు మామూలు స్థితిలో సుమారు 205 మెగాపాస్కల్‌ల ప్రతిబలం (లోపల పుట్టే ఒత్తిడి) దగ్గరే శాశ్వతంగా వంగడం మొదలుపెడుతుంది. దాని యంగ్ గుణకం, అంటే ప్రతిబలాన్ని వికృతితో భాగిస్తే వచ్చేది, 193 గిగాపాస్కల్‌లు కనుక, అది తట్టుకోగల వికృతి 0.1 శాతం పైచిలుకు మాత్రమే. 0.8 మి.మీ. రేకుతో 18 మి.మీ. నాలుక చేస్తే వచ్చేది 0.67 శాతం. ఆరింతలు ఎక్కువ. స్టీలు అనగానే స్ప్రింగు అయిపోదు.

మళ్లీ ఆటోనగర్ వెళ్లి విషయం చెబితే, మేస్త్రిగారు నమూనాను వేలితో మీటి చూశారు. "నిజమేనండీ మేడంగారూ, ఇది రేకు. వంచితే వంగుతుంది గానీ తిరిగి రాదు. నాలుక వరకూ స్ప్రింగ్ పట్టీ వేద్దాం" అన్నారు. నేను కాగితం మీద లెక్కతో చేరిన చోటికి ఆయన ఒక్క మీటుతో చేరడం నాకెంతో సంతోషం కలిగించింది. అక్కడే 20 మి.మీ. వెడల్పు, 0.5 మి.మీ. మందం ఉన్న స్ప్రింగ్ స్టీలు పట్టీ ఒక మీటరు దొరికింది. 18 మి.మీ. పొడవుకు దీనిలో వికృతి 0.42 శాతం. ఇలా పదును పెట్టిన, అంటే కాల్చి గట్టిపరచిన, స్టీలు 1,000 మెగాపాస్కల్‌లు దాటాక గానీ లొంగదు, అంటే 0.5 శాతం దాకా భయం లేదు. తెర ఎక్కిన తర్వాత నిలిచి ఉండే వికృతి 0.12 శాతమే.

మే 20

స్ప్రింగ్ పట్టీకి రంధ్రం వేయడం అనుకున్నంత సులువు కాదు. మామూలు డ్రిల్ బిట్ దాని మీద జారి మొద్దుబారిపోతుంది. గాడిలో కూర్చోవడానికి కొసను ముక్కులా వంచబోతే పటుక్కున విరిగింది. మేస్త్రిగారి పద్ధతి ఇది: పట్టీ నడిమి భాగానికి తడిగుడ్డ చుట్టి, ఒక్కో కొసను గ్యాస్ మంటలో ఎర్రగా కాల్చి, బూడిదలో గుచ్చి నెమ్మదిగా చల్లార్చడం. కాల్చిన కొసలు మెత్తబడి రంధ్రానికీ వంపుకూ లొంగుతాయి, తడిగుడ్డ కింద ఉన్న నడుము పదును కోల్పోదు. ముక్కు వైపు కొస మెత్తగా ఉన్నా నష్టం లేదు, ఎందుకంటే వంపు బలం కొస దగ్గర సున్నా, మొదట్లోనే గరిష్ఠం. అందుకని బిగించే వైపు మాత్రం మెత్తబడిన మేర అంతా పలక కింద దాగి ఉండాలి.

మొదటి నమూనాలో అది దాగలేదు. మేం 10 మి.మీ. బిగింపు పెట్టుకున్నాం, నీలి రంగు దాటి బూడిద రంగుకు తిరిగిన మేర 14 మి.మీ. దాకా పాకింది. నాలుగైదు సార్లు తెర ఎక్కించి దించేసరికి నాలుక సరిగ్గా ఆ రంగు గీత దగ్గరే వంగింది. అందువల్ల వెనక పలకను 16 మి.మీ.కు పెంచి, నాలుక పైన ఇంకో చిన్న రేకు ముక్క పెట్టి రెండు రివెట్లతో బిగించాం. పదహారూ పద్దెనిమిదీ కలిపితే ముప్పై నాలుగు. వెనక గాడి ఉన్నదీ అక్కడే.

బ్రాకెట్ శరీరం మాత్రం 1.2 మి.మీ. స్టెయిన్‌లెస్ రేకు. ఆ భాగం బరువు మోస్తుందే తప్ప వంగవలసిన అవసరం లేదు.

మే 24

పద్నాలుగు బ్రాకెట్లూ చేతికి వచ్చాయి, రెండు అదనం. రేకు, పట్టీ, కూలి అన్నీ కలిపి 1,850 రూపాయలు అయ్యాయి. అంచులన్నీ ఆకురాయితో నున్నగా రాశాను. స్ప్రింగ్ స్టీలు వానాకాలపు తేమకు తుప్పు పడుతుంది. నూనె రాస్తే గుడ్డకు మరక అంటుతుంది కాబట్టి ప్రైమర్ పలచగా పూసి, ముక్కు మీద కరెంటు పనివాళ్లు వాడే, వేడికి ముడుచుకుని పట్టుకునే హీట్ ష్రింక్ గొట్టం ముక్క తొడిగాను. దానితో హెడ్‌రైల్ రంగు గీసుకుపోదు, గాలికి తెర ఊగినప్పుడు చప్పుడూ రాదు.

మే 26

రోహిణి కార్తె వచ్చింది. "రోళ్లే పగిలే కార్తెలో ప్లాస్టిక్ ఆగుతుందా" అని అమ్మ అంటే, పరీక్షకు ఇంతకంటే మంచి రోజులు రావనిపించింది. టేకు చెక్కకు ఒక బ్రాకెట్ బిగించి, చెక్కను పడమటి బాల్కనీలో రెండు స్టూళ్ల మీద వేసి, పాత హెడ్‌రైల్ నుంచి కోసిన జానెడు ముక్కను ఎక్కించి, దానికి 8 కిలోల ఇసుక బకెట్ వేలాడదీశాను. తెర బరువు, తాడు లాగు రెండూ ఒకే బ్రాకెట్ మీద పడ్డా 4.3 కిలోలే.

మే 31

అయిదు రోజుల ఎండ తర్వాత నాలుక ఆకారంలో కాలిపర్‌కు అందే తేడా లేదు. ఎక్కించడం, దించడం వందసార్లు చేశాను. పట్టు తగ్గలేదు.

జూన్ 2

ఈ రోజు లింటెల్ పని. పాత స్క్రూలు విప్పితే ఇంకొక లోపం బయటపడింది. అవి 25 మి.మీ. పొడవువి, అందులో సగం పైన ప్లాస్టరింగ్‌లోనే ఉండిపోయి, కాంక్రీటులోకి దిగింది చాలా తక్కువ. స్క్రూ కిందికి వేలాడే చోట ప్లాస్టరింగ్‌ను నమ్ముకోకూడదు. హామర్ డ్రిల్‌తో 6 మి.మీ. రంధ్రాలు స్క్రూ పొడవుకు మించిన లోతుకు వేసి, దుమ్ము ఊది, నైలాన్ ప్లగ్గులు దింపి, 50 మి.మీ. స్క్రూలు బిగించాను. రెండు చోట్ల లోపలి ఇనుప కడ్డీ తగిలింది. కడ్డీతో పోరాడకుండా బ్రాకెట్‌ను రెండంగుళాలు పక్కకు జరిపాను. పన్నెండు బ్రాకెట్లనూ దారం పట్టి ఒకే గీతలో నిలపడానికే మధ్యాహ్నమంతా పట్టింది. ఒక్కటి ముందుకో వెనకకో ఉంటే హెడ్‌రైల్ వంకరపోయి, మిగిలిన నాలుకలకు అక్కరలేని వంపు వస్తుంది.

తాడు వైపు బ్రాకెట్‌ను ఈసారి కొసకు మరింత దగ్గరగా, హెడ్‌రైల్ అంచు నుంచి 8 సెంటీమీటర్లలో పెట్టాను. పాతవి 20 సెంటీమీటర్ల దూరంలో ఉండేవి.

జూన్ 7

నాలుగు తెరలూ ఎక్కాయి. దుప్పట్లు విప్పేశాం.

జూన్ 14

వారం రోజులుగా రోజూ సాయంత్రం ప్రతి హెడ్‌రైల్‌నూ చేతితో కదిపి చూస్తున్నాను. తాడు వైపు కూడా గట్టిగానే ఉన్నాయి. మేనల్లుడు కొత్త కొలతలతో బొమ్మను సరిచేసి ఇచ్చాడు, దాని ప్రతి ఒకటి మేస్త్రిగారి షెడ్డులో గోడకు అంటించి వచ్చాను. అదనంగా చేయించిన రెండు బ్రాకెట్లను అమ్మ మందుల డబ్బా పక్కన అరలో పెట్టింది. ఈ మధ్యాహ్నం మూడున్నరకు ఎండ గదిలోకి వచ్చే వేళకు తనే లేచి తాడు పట్టుకుని తెర దించుకుని, మళ్లీ అదే మంచం మీద, కిటికీ కిందే పడుకుంది.